ఫోనులో వైబ్రేషన్ మోటారు మార్చుకోవడం: ముందు పరీక్ష, ఆ తరువాతే స్క్రూడ్రైవర్

మా అమ్మకు కొన్నేళ్లుగా వినికిడి తగ్గుతూ వస్తోంది. మదనపల్లె నుంచి బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె ఫోనును రొంటిన దోపుకునే తిరుగుతుంది, ఎందుకంటే రింగు ఎంత పెద్దగా పెట్టినా పక్క గదిలో ఉంటే ఆమెకు వినపడదు. ఒంటికి ఆనుకున్న ఫోను అదిరితేనే ఎవరో పిలుస్తున్నారని తెలుస్తుంది. ఒక మధ్యాహ్నం ఆ అదురు ఆగిపోయింది. నేను ఆఫీసు నుంచి వరుసగా ఫోను చేస్తూనే ఉన్నాను, ఆమె వంటింట్లో తన పని చేసుకుంటూనే ఉంది, పక్కింటివారిని వెళ్లి చూసి రమ్మంటే గానీ నా మనసు కుదుటపడలేదు.

మోటారు పోయిందని నిర్ణయించుకుని, కొత్తది కొని తెచ్చి, ఫోను విప్పి మార్చాను. అయినా ఫోను అదరలేదు. తీసేసిన పాత మోటారుకు మీటరు పెట్టి చూస్తే అది బాగానే ఉంది. మోటారుకు కరెంటు అందించే రెండు చిన్న స్ప్రింగు కాంటాక్టులకు చెమట వల్ల పచ్చగా చిలుము పట్టి, కరెంటు అక్కడే ఆగిపోయింది. రెండేళ్ల తరువాత అదే ఫోనులో మోటారు నిజంగానే పోయింది. ఆ రెండుసార్లు చేసిన పనిని, రెండోసారి సరిగ్గా చేసిన వరుసలో, ఇక్కడ వివరిస్తున్నాను.

విప్పే ముందు లోపల ఉన్నది ఏ రకం మోటారో తెలియాలి, ఎందుకంటే పరీక్షించే పద్ధతి, కొనవలసిన వస్తువు రెండూ దాని మీదే ఆధారపడతాయి. పాత ఫోన్లలో, నేటికీ తక్కువ ధర ఫోన్లలో ఉండేది తిరిగే మోటారు. దాని ఇరుసుకు ఒక పక్కకే బరువు ఉంటుంది, అది తిరిగినప్పుడు బరువు ఒక వైపుకు లాగుతూ ఫోనంతటినీ కదిలిస్తుంది. రూపాయి నాణెంలా బల్లపరుపుగా ఉండే మోటారులో ఈ బరువు డబ్బీ లోపలే దాగి ఉంటుంది. సన్నని గొట్టంలా ఉండే మోటారులో అయితే అర్ధచంద్రాకారపు బరువు బయటికే కనిపిస్తుంది. ఇవి సుమారు 3 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే) కరెంటుతో నిమిషానికి 10,000 చుట్ల వరకు, ఒక్కోటి అంతకు మించి కూడా, తిరుగుతాయి. అంటే సెకనుకు 160కి పైగా కంపనాలు. మన చర్మం అడుగున కంపనాన్ని పసిగట్టే నాడీకణాలు చురుకుగా స్పందించేది కూడా సెకనుకు సుమారు 200 నుంచి 300 కంపనాల దగ్గరే కాబట్టి అంత చిన్న వస్తువు చేసే పని జేబులోంచి కూడా మనకు తెలుస్తుంది.

రెండో రకం లీనియర్ మోటారు. ఇందులో ఏదీ తిరగదు. స్ప్రింగుల మధ్య పట్టి ఉంచిన అయస్కాంతపు బరువు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దీనికి కావలసింది డీసీ కాదు, ఆ స్ప్రింగు సహజంగా ఊగే వేగానికి సరిపోయేలా దిశ మారుతూ ఉండే ఏసీ సంకేతం. ఐఫోన్‌లో 2015లో వచ్చిన 6ఎస్ నుంచి టాప్టిక్ ఇంజిన్ పేరుతో ఉన్నది ఈ జాతిదే. కీబోర్డు మీద వేలు పెట్టినప్పుడు చిటికె వేసినట్టు కురచగా, స్పష్టంగా తగిలితే లోపల ఉన్నది చాలావరకు లీనియర్ మోటారు; బుర్రుమని మొదలై, ఆగేటప్పుడు కూడా కొంచెం సాగితే తిరిగే మోటారు.

విప్పకుండానే తేలిపోయేవి

సెట్టింగుల్లో సౌండ్, వైబ్రేషన్ విభాగంలో కాల్ వైబ్రేషన్, నోటిఫికేషన్ వైబ్రేషన్, టచ్ వైబ్రేషన్ విడివిడిగా ఉంటాయి, వాటి తీవ్రతను తగ్గించే గీతలు కూడా ఉంటాయి. బ్యాటరీ సేవర్ ఆన్ చేస్తే కొన్ని ఫోన్లు టచ్ వైబ్రేషన్‌ను వాటంతట అవే ఆపేస్తాయి. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీలో టచ్ కింద వైబ్రేషన్ అనే మీట ఒకటి విడిగా ఉంది, అది ఆఫ్‌లో ఉంటే మిగతావి ఎన్ని ఆన్ చేసినా ఫోను అదరదు. ఇవన్నీ చూశాక ఒకసారి ఫోనును ఆపి తిరిగి వెలిగించండి.

అప్పటికీ అదరకపోతే ఫోనులోనే ఉన్న పరీక్షా మెనూను తెరవాలి. సామ్‌సంగ్ ఫోన్లలో డయలర్‌లో *#0*# అని, షావోమి, రెడ్‌మీ ఫోన్లలో *#*#6484#*#* అని కొడితే ఒక్కొక్క భాగాన్ని పరీక్షించే తెర వస్తుంది. అందులో వైబ్రేషన్ అన్నది నొక్కితే యాప్‌లతో, సెట్టింగులతో సంబంధం లేకుండా ఫోను నేరుగా మోటారుకు కరెంటు పంపుతుంది. ఇక్కడ అదిరితే మోటారు బాగున్నట్టే, తప్పు సెట్టింగుల్లో ఉంది. ఇక్కడా అదరకపోతే ఫోనును చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ నొక్కండి. సన్నని గరగర వినిపిస్తే బరువు ఊడిపోవడమో స్ప్రింగు విరగడమో జరిగి ఉండవచ్చు. వేలితో వెనక మూతను కాస్త అదిమినప్పుడు అదిరి, వదిలితే ఆగిపోతే అది దాదాపు ఎప్పుడూ కాంటాక్టు లోపమే. మొదటిసారి నేను ఈ అదిమి చూసే పని చేసి ఉంటే కొత్త మోటారు కొనవలసిన అవసరమే వచ్చేది కాదు.

ఫోను ఇంకా వారంటీలో ఉంటే ఇక్కడితో ఆగి సర్వీసు సెంటరుకు తీసుకెళ్లండి. వారంటీ, సర్వీసు కేంద్రాలు, విడిభాగాల వివరాలను వివిధ కంపెనీల నుంచి ఒకచోట చేర్చే రైట్ టు రిపేర్ పోర్టల్‌ను కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ప్రారంభించింది. బయలుదేరే ముందు అందులో మీ కంపెనీ వివరాలు చూసుకోవడం మంచిది. వెనక మూత ఉబ్బినట్టు కనిపించినా, తెర ఒక పక్క లేచినట్టున్నా అది మోటారు సమస్య కాదు, బ్యాటరీ ఉబ్బుతోందని గుర్తు. అలాంటి ఫోనును ఇంట్లో విప్పవద్దు, చార్జింగుకు కూడా పెట్టవద్దు.

మోటారు కొనడం

బెంగళూరులో ఫోను విడిభాగాలకు ఎస్.పి. రోడ్డుకు మించిన చోటు నాకు తెలియదు. మెట్రోలో చిక్‌పేటలో దిగి నడిచి వెళ్లవచ్చు. చాలా దుకాణాలకు ఆదివారం సెలవు. కన్నడం రాకపోయినా ఇబ్బంది లేదు, తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిచ్చేవారు అక్కడ చాలామందే ఉన్నారు. అయితే ఏ భాషలో అడిగినా ఫోను పెట్టె మీద ఉన్న పేరు చెప్పకండి, సెట్టింగుల్లో అబౌట్ ఫోన్ దగ్గర ఉండే మోడల్ నంబరు చెప్పండి, ఎందుకంటే ఒకే పేరుతో అమ్మిన ఫోన్లలోనే లోపలి భాగాలు వేరుగా ఉండటం మామూలు. వీలైతే ముందు ఫోను విప్పి, పాత మోటారు తీసి, దాన్నే చేతిలో పట్టుకుని వెళ్లడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

తిరిగే మోటారు అయితే వ్యాసం, మందం, కాంటాక్టుల తీరు కలిస్తే చాలావరకు పని జరిగిపోతుంది. నాణెం ఆకారపు మోటార్లు ఎక్కువగా 8 లేదా 10 మిల్లీమీటర్ల వ్యాసంతో దొరుకుతాయి; మందంలో అర మిల్లీమీటరు తేడా ఉన్నా వెనక మూత సరిగ్గా కూర్చోదు. లీనియర్ మోటారు విషయంలో మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఫోనులో మోటారును నడిపే డ్రైవర్ చిప్పు ఆ మోటారు సహజ కంపన వేగానికే సరిదిద్ది ఉంటుంది, కాబట్టి పక్క మోడల్‌ది తెచ్చి పెడితే చోటులో సరిపోయినా అదురు నీరసంగా వస్తుంది. పాత ఫోన్ల నుంచి తీసిన అసలు మోటారు దొరికితే, కొత్త నకలు కంటే అదే మేలని నా అభిప్రాయం.

విప్పడం

దగ్గర పెట్టుకోవలసినవి ఎక్కువేమీ కాదు: సన్నని ప్లస్ స్క్రూడ్రైవర్, ఐఫోన్ అయితే అయిదు రెక్కల పెంటలోబ్ డ్రైవర్ కూడా, సక్షన్ కప్పు, గిటారు పిక్ లాంటి పలుచని ప్లాస్టిక్ ముక్కలు నాలుగైదు, ప్లాస్టిక్ చీలిక, మొన సన్నగా ఉన్న ట్వీజర్, తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రయర్, మల్టీమీటరు, 99 శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవం, మూత అతికించడానికి బి-7000 గమ్ము. మందుల దుకాణంలో దొరికే స్పిరిట్‌లో నీటి పాలు ఎక్కువ, అది ఐపీఏకు బదులు పనికిరాదు. తీసిన స్క్రూలకు నేను వంటకు వాడని పాత ఇడ్లీ రేకును వాడుతున్నాను. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క చోటి స్క్రూలు వేస్తే ఏది ఎక్కడిదో తికమక ఉండదు. ఇది చిన్న విషయంగా తోచవచ్చు గానీ, పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడుగుది బిగిస్తే దాని మొన బోర్డు పొరల్లోకి దిగి లోపలి తీగలను తెంపేస్తుంది, ఆ తరువాత మోటారు కాదు, ఫోనే పోతుంది.

బ్యాటరీ చార్జింగు 25 శాతం లోపుకు దిగాక మొదలుపెట్టండి. లిథియం బ్యాటరీకి పొరపాటున పోటు పడితే, అందులో ఎంత తక్కువ చార్జింగు ఉంటే ప్రమాదం అంత తక్కువ. ఫోనును పూర్తిగా ఆపి, సిమ్ ట్రేను బయటికి తీయండి. ట్రే లోపలే ఉండగా బోర్డును లేపబోతే ట్రేనో, దాని గూడో విరుగుతుంది. కిటికీలు తెరిచి ఉంచి, పిల్లలు రాని చోట కూర్చుని, పక్కన ఇసుక పోసిన బకెట్ ఒకటి పెట్టుకోండి. మా ఇంట్లో ఈ పని బాల్కనీలోనే చేస్తాను.

గమ్ముతో అతికించిన మూత అయితే హెయిర్ డ్రయర్‌తో అంచుల వెంబడి రెండు మూడు నిమిషాలు వేడి చేయాలి. చేతితో పట్టుకుంటే వేడిగా ఉండాలి కానీ పట్టుకోలేనంత ఉండకూడదు. మధ్యలో బ్యాటరీ ఉంటుంది కనుక వేడి ఎప్పుడూ అంచులకే. కింది అంచు దగ్గర సక్షన్ కప్పు అంటించి నెమ్మదిగా లాగితే వెంట్రుక వాసి సందు పడుతుంది, ఆ సందులో ప్లాస్టిక్ పిక్ దూర్చి, మూలల దగ్గర మళ్లీ వేడి చేస్తూ, చుట్టూ జరుపుకుంటూ రావాలి. పిక్‌ను 3, 4 మిల్లీమీటర్ల కంటే లోపలికి పోనివ్వకండి. వేలిముద్ర సెన్సార్ వెనక మూతకే ఉన్న ఫోన్లలో మూతను, బోర్డును కలుపుతూ రిబ్బను లాంటి పలుచని తీగ (స్ట్రిప్) ఉంటుంది, కాబట్టి మూత ఊడగానే గుంజకుండా పుస్తకం తెరిచినట్టు ఒక పక్కకు తెరవండి. చాలా ఐఫోన్ మోడళ్లు వెనక నుంచి కాదు, తెర వైపు నుంచి తెరుచుకుంటాయి, అక్కడ తెర స్ట్రిప్‌ల విషయంలో ఇదే జాగ్రత్త. గాజు మూత పగిలి ఉంటే దాని మీద ముందే వెడల్పాటి టేపు అంటించి, కళ్లద్దాలు పెట్టుకుని పని చేయండి. నీరు చొరబడని ఐపీ68 లాంటి ఫోనుకు ఆ రక్షణ ఒకసారి విప్పాక మునుపటిలా ఉండదని ముందే ఒప్పుకోవాలి.

మూత తీశాక పైనున్న ప్లాస్టిక్ పలక స్క్రూలు విప్పి, మరి దేనినీ తాకక ముందు బ్యాటరీ కనెక్టరును ప్లాస్టిక్ చీలికతో నిటారుగా పైకి లేపండి. ఈ ఒక్క పనిని మరిచి మిగతావన్నీ ఎంత జాగ్రత్తగా చేసినా, జారిన ట్వీజర్ మొన బోర్డును షార్ట్ చేయగలదు.

మోటారు సాధారణంగా కింద లౌడ్‌స్పీకరు పక్కనో, పైన కెమెరా పక్కనో ఉంటుంది. కింద ఉంటే స్పీకరు డబ్బా స్క్రూలు కూడా తీయాలి. మోటారులోనూ స్పీకరులోనూ అయస్కాంతాలు ఉన్నందున వదులుగా ఉన్న స్క్రూలు వాటికి వెళ్లి అతుక్కుంటాయి. లెక్కలో ఒక స్క్రూ తగ్గితే మొదట వెతకవలసింది అక్కడే.

మీటరు చెప్పేది వినడం

ఇప్పుడే తొందరపడి మోటారు పీకవద్దు. ముందు కాంటాక్టులను వెలుతురులో చూడండి. నలుపు, పచ్చని చిలుము, తడి ఆరిన తెల్లని మరక, ఏది కనిపించినా ఐపీఏలో ముంచిన మెత్తని బ్రష్‌తో తుడవండి. చదునైన బంగారు రంగు ప్యాడ్ల మీది మరకకు పెన్సిల్ రబ్బరు ముక్కతో రెండు మూడుసార్లు మెల్లగా రుద్ది, ఆ పొడిని ఐపీఏతో తీసేస్తే చాలు. అణిగిపోయిన స్ప్రింగు కాంటాక్టును ట్వీజర్ మొనతో ఒక్క వెంట్రుక మందం పైకి ఎత్తండి, అంతకు మించి ఎత్తితే విరుగుతుంది.

తరువాత మల్టీమీటరును ఓమ్‌ల మీద 200 దగ్గర పెట్టి మోటారు రెండు కొసలకు తాకించండి. తిరిగే మోటారు బాగుంటే 10 నుంచి 40 ఓమ్‌ల మధ్య, లీనియర్ మోటారు అయితే సాధారణంగా అంతకు కొంత తక్కువ చూపిస్తుంది. మీటరులో అంకె మారకుండా ఎడమ చివర 1 అనో, ఓఎల్ అనో నిలబడితే లోపలి చుట్ట తెగింది, లేదా మోటారు లోపల ఇరుసు వైపు కరెంటు అందించే బ్రష్‌లు అరిగిపోయాయి. సున్నాకు దగ్గరగా చూపిస్తే లోపల షార్ట్ అయింది. మా అమ్మ ఫోనులో మొదటిసారి పాత మోటారు 28 ఓమ్‌లు చూపింది, రెండోసారి అంకె అసలు రాలేదు.

తిరిగే మోటారుకు ఇంకొక నిర్ధారణ కూడా ఉంది. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు రెండింటిని వరుసగా కలిపి, ఆ 3 వోల్టులను ఒక్క సెకను మోటారుకు తాకించండి. మోటారును ఫోను నుంచి వేరు చేశాక మాత్రమే ఈ పని చేయాలి. అది చురుగ్గా తిరిగితే లోపం మోటారులో లేదు. ఒక్క సెల్లుతో కదలకపోవచ్చు, ఎందుకంటే చాలా మోటార్లు 2 వోల్టులు దాటితే గానీ మొదలు కావు. లీనియర్ మోటారుకు ఈ పరీక్ష వద్దు. డీసీకి అది ఒక్కసారి టిక్కుమని ఆగిపోతుంది, ఎక్కువసేపు పట్టుకుంటే చుట్ట వేడెక్కుతుంది.

మోటారూ కాంటాక్టులూ రెండూ బాగుండి కూడా ఫోను అదరకపోతే లోపం బోర్డు మీది డ్రైవర్ చిప్పులోనో, అక్కడి దాకా వచ్చే స్ట్రిప్‌లోనో ఉంటుంది. స్ట్రిప్ మార్చడం ఇంట్లో చేసుకోవచ్చు. చిప్పు పని మైక్రోస్కోపు, హాట్ ఎయిర్ ఉన్న మెకానిక్‌కు అప్పగించాలి, దానికి మొహమాటపడనక్కరలేదు.

కొత్త మోటారు పెట్టడం

స్ప్రింగు కాంటాక్టులతో ఉన్న మోటారు అన్నిటిలోకి సులువు. అడుగున ఉన్న డబుల్ సైడ్ టేపును పక్క నుంచి ప్లాస్టిక్ చీలికతో కొద్దికొద్దిగా లేపి, పాత జిగురును ఐపీఏతో తుడిచి, కొత్తదాన్ని అదే దిశలో కూర్చోబెట్టి పది సెకన్లు అదిమి పట్టుకుంటే సరిపోతుంది. స్ట్రిప్‌తో ఉన్నదానికి ముందు కనెక్టరును లేపాలి, మోటారును తరువాత కదపాలి. స్క్రూలతో బిగించిన లీనియర్ మోటారును తిరగేసి పెట్టవద్దు. దాని బరువు ఏ వైపు ఊగాలో ఫోను తయారీలోనే నిర్ణయించి ఉంటారు.

తీగలతో అతికించిన మోటారు దగ్గరే ఓపిక కావాలి. ఎరుపు తీగ ఏ ప్యాడ్‌కు ఉందో ముందుగా ఫొటో తీసుకోండి. చుట్టుపక్కల భాగాలకు వేడిని తట్టుకునే కాప్టన్ టేపు అంటించి, ప్యాడ్ మీద సోల్డర్ బాగా అంటేలా చేసే ఫ్లక్స్ కాస్త రాసి, సుమారు 330 డిగ్రీల వేడిలో ఉన్న సన్నని సోల్డరింగ్ ఐరన్ మొనను రెండు సెకన్లకు మించకుండా తాకించండి. తీగ రాలేదని లాగకూడదు. లాగితే తీగతో పాటు ప్యాడే ఊడి వస్తుంది, దాన్ని తిరిగి అతికించడం చాలా కష్టం. కొత్త తీగ కొసకు ముందే సోల్డర్ పూసి ఉంచుకుంటే ఒక్క తాకుతో అతుక్కుంటుంది. గొట్టం ఆకారపు మోటారు అయితే తిరిగే బరువు మీద గమ్ముగానీ టేపుగానీ పడకుండా చూడండి. దాని చుట్టూ తీగలు కూడా ఉండకూడదు.

మూత అతికించక ముందే పరీక్షించాలి. బ్యాటరీ కనెక్టరు పెట్టి, స్పీకరు డబ్బాను, పై పలకను రెండు మూడు స్క్రూలతో మాత్రం నిలిపి, ఫోను వెలిగించి ముందు చెప్పిన పరీక్షా మెనూలో వైబ్రేషన్ నొక్కండి. స్ప్రింగు కాంటాక్టుల మీద ఒత్తిడి ఆ డబ్బా బిగింపు నుంచే వస్తుంది కాబట్టి డబ్బా పెట్టకుండా పరీక్షిస్తే కొత్త మోటారు కూడా పాడైనట్టే కనిపిస్తుంది. అదురుతో పాటు గరగర వినిపిస్తే మోటారు కింద టేపు పూర్తిగా అంటలేదని అర్థం. అన్నీ బాగుంటే ఫోను ఆపి, మిగతా స్క్రూలు బిగించి, పాత గమ్మంతా తీసేసి, అంచు వెంబడి బి-7000ను సన్నని గీతలా పూయండి. మైకు, స్పీకరు రంధ్రాల దగ్గర గమ్ము ఉండకూడదు. అయిదు నిమిషాలు ఆగి మూత పెట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, చదునైన చోట ఉంచండి. కొన్ని గంటల్లో పట్టు వస్తుంది కానీ పూర్తి బలానికి 24 నుంచి 48 గంటలు కావాలి, ఆ లోపల ఫోనును జేబులో వంచి పెట్టవద్దు.

పాత మోటారును పొడి చెత్తలో కలపకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు విడిగా తీసుకునేవారికి ఇవ్వండి.

మూత ఆరాక చివరి పరీక్ష బల్ల మీద చేస్తే సరిపోదు, ఎందుకంటే గట్టి బల్ల మీద నీరసమైన అదురు కూడా పెద్దగా వినిపిస్తుంది. ఫోనును వాడేవారు ఎక్కడ పెట్టుకుంటారో అక్కడే పెట్టించి, మరో గది నుంచి ఫోను చేయండి. మా అమ్మ దాన్ని రొంటిన దోపుకుని వంటింట్లో పోపు వేస్తుండగా నేను బాల్కనీలోంచి ఫోను చేశాను; తీవ్రతను నడిమికి తగ్గించి ఒకసారి, పూర్తిగా పెంచి ఒకసారి. నడిమిలో పెట్టినప్పుడు ఆమె తిరిగి చూడలేదు, పూర్తిగా పెంచినప్పుడు రెండో అదురుకే ఫోను తీసింది. అప్పటి నుంచి ఆమె ఫోనులో కాల్ వైబ్రేషన్ తీవ్రత చివరి దాకా పెట్టే ఉంది. చెమటకు మళ్లీ చిలుము పట్టకుండా, రొంటిన దోపుకునే ముందు ఫోనుకు ఒక పలుచని గుడ్డ సంచి తొడుగుతోంది.